మడి కట్టిన తీగ

వంటింట్లోంచి "కాఫీ చల్లారిపోతోందండీ" అని నాలుగు కేకలు వేసినా వీరరాఘవరావుకు వినపడదు. హాల్లో పాట మోగుతుంటే మాత్రం, గాయకుడు ఆలాపన ఎత్తుకునే ముందు పెదవులు తడుపుకున్న చప్పుడు కూడా వినిపిస్తుంది. అలాగని ఆయనే చెబుతాడు. ఆయన భార్య కమలకుమారికి ఆ చప్పుడు ఒక్కనాడూ వినిపించలేదు. "నీకు వినపడనంత మాత్రాన లేనట్టు కాదు కమలా. నీ చెవికి శిక్షణ లేదు" అంటాడు. అంత శిక్షణ ఉన్న చెవికి కాఫీ కేక ఎందుకు వినపడదని అడగాలని ఆవిడకు ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. అడిగినా కాఫీ మళ్లీ వేడి చేసేది తనే కదా అని ఊరుకునేది.

ఆయన పుట్టుకతో ఇలా లేడు. తెనాలి వైపు నుంచి గవర్నమెంటు ఉద్యోగం మీద హైదరాబాదు వచ్చి, అప్పట్లో స్థలాలు అందుబాటులో ఉన్నాయని సంతోష్‌నగర్‌లో ఇల్లు కట్టుకుని, సూపరింటెండెంటుగా దిగిపోయిన మనిషి. ఉద్యోగమంతా కిందివాళ్లు రాసిన కాగితాల్లో తప్పులు పట్టడమే. కామా ఉండాల్సిన చోట ఫుల్‌స్టాప్ ఉందని ఫైలు వెనక్కి పంపిన ఘనుడు. రిటైరయ్యాక పట్టడానికి తప్పులు దొరక్క విలవిల్లాడిపోయాడు. కొన్నాళ్లు కూరలో ఉప్పు మీద పడ్డాడు. కొన్నాళ్లు పనిమనిషి సత్తెమ్మ చీపురు పట్టే తీరు మీద పడ్డాడు.

"సారుకు ఏదన్న పని చూపియ్యుండ్రి అమ్మా. లేకుంటే నేను ఇంకో ఇల్లు చూసుకుంట" అని సత్తెమ్మ తెగేసి చెప్పింది.

సరిగ్గా అప్పుడే, ఎంత పట్టినా తప్పులు తరగని వస్తువు ఒకటి ఆయనకు దొరికింది. అది శబ్దం.

దొరికించినవాడు క్రాంతి. ఆఫీసులో ఆయనతో పనిచేసిన మిత్రుడి కొడుకు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మెత్తని మాట. వీధి గుమ్మంలోకి సెంటు వాసన ముందు వస్తుంది, మనిషి వెనక వస్తాడు. ఆ అబ్బాయి మాట మీద ముందు నిలువెత్తు స్పీకర్లు రెండు వచ్చాయి. వాటితోపాటు ఇంటర్నెట్‌లోంచి పాటలు లాక్కుని పాడే డబ్బా ఒకటి వచ్చింది. కొన్నాళ్లు ఆయన సుఖంగానే ఉన్నాడు. ఆ సుఖం క్రాంతికి నచ్చలేదు.

"స్పీకర్లు బాగున్నాయి అంకుల్. కానీ పాట ఇక్కడిదాకా ఏ దారిలో వస్తోందో ఎప్పుడైనా ఆలోచించారా? బిందె వెండిదే, ఒప్పుకుంటాను. నల్లా పైపు తుప్పు పట్టి ఉంటే?"

ఆ మాటతో ఆయనకు అన్నం సహించలేదు.

మొదట మునక్కాయంత లావున నల్లటి తీగ వచ్చింది. రెండు కొసలకూ బంగారు పూత, ఒంటిమీద బాణం గుర్తు. బాణం ఎటు చూస్తే పాట అటు ప్రవహిస్తుందట. తిరగేసి పెడితే గొంతు బొంగురుపోతుందట. తర్వాత, ఇంటర్నెట్ డబ్బాతో పాటు ఇచ్చిన చిన్న అడాప్టర్ పనికిరాదని దాని బదులు ఇటుకంత ఇనప పెట్టె వచ్చింది. ఆ తర్వాత స్విచ్చి. స్విచ్చంటే లైటు వేసేది కాదు; ఇంటర్నెట్ తీగ ఇటు దూరి అటు బయటికొచ్చే డబ్బా. ఆఫీసుల్లో అలాంటివి దుమ్ము కొట్టుకుని గోడలకు వేలాడుతుంటాయి. ఈయనది మాత్రం సంగీతం కోసమే జన్మెత్తిందట. దాని ఖాళీ రంధ్రాల్లోంచి మురికి శబ్దం దూరకుండా ఒక్కో రంధ్రానికి ఒక్కో బిరడా కూడా తెప్పించాడు.

వస్తువు వచ్చినప్పుడల్లా ఒకటే తంతు. కళ్లు మూసుకుని సోఫాలో కూర్చుంటాడు. ఒక హిందుస్తానీ విద్వాంసుడి ఆలాపన, ఒక వయొలిన్ ముక్క, ఎవరో తెల్లావిడ గుసగుసగా పాడే పాట, తబలా మీద దెబ్బలు. లోకంలోని పాటలన్నీ వస్తాయని కొన్న డబ్బాలో ఆయన వినేది ఆ నాలుగే. కొత్త పాట పెడితే పోల్చుకోవడం కుదరదట. చివర్లో కళ్లు తెరిచి, "తెర తొలగిపోయింది కమలా!" అంటాడు.

ఎన్ని వస్తువులు వచ్చినా తొలగడానికి ఇంకో తెర ఉంటూనే ఉంది. పాపం ఆ విద్వాంసుడు ఎన్ని దుప్పట్లు కప్పుకుని పాడాడో అని కమలకుమారికి అనుమానం.

ఒకరోజు సత్తెమ్మ వంటింటి మూల ఊడుస్తూ ఆగిపోయింది.

"సన్నెకల్లు ఏడవోయిందమ్మా?"

"సారు తీసుకెళ్లి స్విచ్చి కింద పెట్టుకున్నారు. బరువైన రాయి ఉంటే అది వణకదట."

"వణికేటందుకు దానికేమన్న చలిజొరమా?" సత్తెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మరి పచ్చడెట్ల నూరుతవు?"

"పాట బాగా నూరుకుంటోంది కదా, సర్దుకుందాం" అంది కమలకుమారి.

స్తంభం నుంచి వచ్చే ఇంటర్నెట్ లైను వంటింటి పక్క సామాన్ల గదిలోకి వస్తుంది. అక్కడ కంపెనీవాళ్లు బిగించిన చిన్న తెల్ల డబ్బాలో దిగి, జానెడు తీగ మీదుగా సన్నికల్లు మీది స్విచ్చిలోకి పోతుంది. అక్కడి నుంచి మునక్కాయ తీగ హాల్లోకి. పచ్చళ్ల జాడీల మధ్య, వడియాల డబ్బాల మధ్య, ఆ స్విచ్చి నీలం లైటు వెలిగించుకుని అమ్మవారిలా కూర్చుని ఉండేది. ఆ గదిలోకి అడుగు పెట్టాలంటే ఇప్పుడు ఆయన అనుమతి కావాలి.

ఇక్కడే కమలకుమారికి ఒళ్లు మండేది. పెళ్లయిన నాటి నుంచి ఆవిడ మడిని చూసి నవ్విన మనిషి ఆయన. ఆవకాయ కలిపే రోజున ఆవిడ తడి బట్ట ఆరేసి కట్టుకుంటే, కావాలని వచ్చి భుజం మీద చెయ్యి వేసేవాడు. "బట్టకు మైలేమిటి, నీళ్లకు మైలేమిటి? మైల నీ బుర్రలో ఉంది" అనేవాడు. అత్తగారు నెత్తి బాదుకునేది. అంతటి అభ్యుదయవాది ఇప్పుడు తీగకు మడి కట్టాడు. తడి చేత్తో ముట్టుకోకూడదు. సత్తెమ్మ చీపురు తగలకూడదు. ఇంకో తీగ దాని మీద పడకూడదు, పక్క నుంచి పోయినా జానెడు ఎడంగా పోవాలి. ఆయన వినే వేళ ఇంట్లో ఏ ఫోనూ ఆ లైను వాడకూడదు.

"ఎందుకని?" అంది ఆవిడ.

"నువ్వు చూసే పనికిమాలిన వీడియోలు వచ్చే దారిలోనే ఆ విద్వాంసుడి గొంతు కూడా రావాలా?"

"మైల పడుతుందంటారు."

"నాయిస్ అంటారు దాన్ని. ఇది సైన్సు."

"మా అత్తగారు కూడా శాస్త్రమనే అనేది."

ఇంట్లో ఫోన్లకు వైఫై ఇచ్చే డబ్బా ఇంకోటి ఉంది. వినే వేళ దాన్ని ఆపడం చాలదని, దాని అడాప్టర్ పీకి జేబులో వేసుకు తిరగడం అప్పటి నుంచే మొదలైంది.

వినే వేళంటే శుక్రవారం పొద్దున. ఆ వీధిలో వెల్డింగు షాపు, మోటార్లు చుట్టే షాపు, చెక్క కోసే మిషను వరసగా ఉన్నాయి. మిగతా రోజుల్లో వాటి వల్ల కరెంటు మురికిగా వస్తుందట. శుక్రవారం నమాజు అయ్యేదాకా ఆ షాపులన్నీ మూసి ఉంటాయి, కరెంటు కడిగినట్టు వస్తుందట. వీధిలో వాళ్లు స్నానాలు చేసి, అత్తరు రాసుకుని నమాజుకు తయారయ్యే వేళకు ఈయన కూడా స్నానం చేసి, తెల్ల లుంగీ కట్టుకుని, స్పీకర్ల ముందు కూర్చునేవాడు. కిటికీకి అడ్డంగా, చార్మినార్ వెనక గల్లీలో దూది ఏకించి కుట్టించిన రజాయి వేలాడేది.

ఇదంతా ఆవిడ నవ్వుకుని వదిలేసేదే. పరీక్ష శుక్రవారం పడకపోతే.

కమలకుమారి పదో తరగతితో బడి మానేసింది. "నీకు జ్ఞాపకం తక్కువ" అనేది ఆ ఇంట్లో ఆవిడకు ఇంటిపేరుతో సమానం. ఎప్పుడో ఒకసారి పాలు పొంగబెట్టిందని, ఒకసారి బీరువా తాళం మరిచిందని, ఆయన ఆ బిరుదు ఇచ్చి చుట్టాలందరి ముందూ వాడుకున్నాడు. కొన్నేళ్ల కిందట ఆవిడ ఎవరికీ చెప్పకుండా, తెల్లవారుజామున ఇంటర్నెట్‌లో శ్లోకాలు నేర్పే పారాయణ బృందంలో చేరింది. కూరలు తరుగుతూ, బియ్యం ఏరుతూ, అధ్యాయం తర్వాత అధ్యాయం కంఠస్థం చేసింది. అన్నీ వచ్చినవాళ్లకు ఒక పరీక్ష పెడతారు. కళ్లకు గుడ్డ కట్టుకుని, తలుపు వేసిన గదిలో ఒంటరిగా, లాప్‌టాప్ ముందు కూర్చోవాలి. వాళ్లు అధ్యాయం పేరూ శ్లోకం నంబరూ చెబితే ఆ శ్లోకం అందుకోవాలి. ఒక్క తప్పు లేకుండా చెప్పినవాళ్లది మొదటి శ్రేణి. ఆవిడకు కావలసింది అదే. పాసవడం కాదు, ఒక్క తప్పూ లేకపోవడం.

పోయినసారి కంటి ఆపరేషన్ వల్ల తప్పిపోయింది. ఈసారి తప్పితే మళ్లీ పేరు ఎప్పుడు వస్తుందో తెలీదన్నారు.

తేదీ తెలిసిన రోజే ఆయనకు చెప్పింది. "చూద్దాంలే" అన్నాడు. గురువారం మళ్లీ చెప్పింది.

"రేపా? రేపు క్రాంతి వస్తున్నాడు. ఇంకో ఇద్దర్ని తీసుకొస్తున్నాడు, బాగా తెలిసినవాళ్లట. స్విచ్చి వినిపించమని వాళ్లే అడిగారు."

"మధ్యాహ్నం రమ్మనండి."

"నమాజయ్యాక షాపులు తీస్తారు కమలా. కరెంటు పాడైపోతుంది. అయినా ఈ వయసులో పరీక్షేమిటి? నిన్నెవరడిగారు?"

"ఎవరూ అడగలేదు. నేనే అడిగి రాయించుకున్నాను పేరు."

"ఫోనుతో కానిచ్చెయ్. గొంతు వినిపిస్తే చాలదూ?"

ఆ ఇంట్లో ఫోనుకు సిగ్నల్ ఒక గీత. అది కూడా మేడ మెట్ల మీద నిలబడితే. మెట్ల మీద కళ్లకు గుడ్డ కట్టుకుని నిలబడి శ్లోకాలు చెబితే, వీధిలో వాళ్లు గారడీ అనుకుని చుట్టూ చేరతారు.

ఆ సాయంత్రమే ఆయన పిలిపించాడని లైన్‌మన్ ప్రేమ్‌రాజ్ వచ్చాడు. స్తంభం నుంచి వచ్చే తీగ గోడ దగ్గర వంపు తిరిగిందని, ఆ వంపులో తంబురా నాదం చిక్కుకుపోతోందని కంప్లయింటు. ప్రేమ్‌రాజ్ నిచ్చెన ఎక్కి, వంపు సవరించినట్టు చేసి దిగాడు. వీరరాఘవరావు హాల్లోకి వెళ్లి పాట పెట్టి, "ఆఁ! ఇప్పుడు విడిపోయింది!" అని అరిచాడు.

"నేనేం జెయ్యలే అమ్మా," అన్నాడు ప్రేమ్‌రాజ్, వంటింటి గుమ్మం దగ్గర మంచినీళ్లు తాగుతూ. "క్లిప్పు తీసి మల్ల గాడనే కొట్టిన. సార్ ఖుష్, నేను ఖుష్. గిట్లాంటి సార్లు గల్లికొకరుంటే మస్తుంటది."

కమలకుమారి గొంతు తగ్గించి సంగతి చెప్పింది. అతను తల గోక్కున్నాడు.

"గింత దానికి ఫికరెందుకమ్మా? లైను వచ్చే తెల్ల డబ్బా ఉంది సూడు, దాన్నుంచి స్విచ్చిలకు పొయ్యే చిన్న వైరు. గది స్విచ్చిలకెల్లి గుంజి మీ లాప్‌టాప్‌ల గుచ్చుండ్రి. కట్ అన్న మాటే ఉండదు."

"మరి హాల్లో పాట?"

"బందయితది. ఇంకేమున్నది, లొల్లి." కొంచెం ఆలోచించి, "నా పేరు చెప్పకుండ్రి అమ్మా" అన్నాడు.

శుక్రవారం పొద్దున ముందు వాసన వచ్చింది, తర్వాత క్రాంతి వచ్చాడు. వెనక ఇద్దరు మిత్రులు. ఒకాయన గడ్డం నిమురుకుంటాడు, ఇంకొకాయన తల ఊపుతాడు. అంతకుమించి వాళ్లకు పనున్నట్టు కనిపించలేదు. కమలకుమారి కాఫీలిచ్చి, సామాన్ల గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది. గడియ ఆయన ఎప్పుడో తీయించేశాడు, తన స్విచ్చిని చూసుకోవడానికి ఎప్పుడంటే అప్పుడు రావాలని. బియ్యం డ్రమ్ము మీద లాప్‌టాప్ పెట్టుకుంది. హాల్లో విద్వాంసుడు ఆలాపన ఎత్తుకున్నాడు.

చేతులు తడిగా ఉన్నాయేమోనని కొంగుకు తుడుచుకుంది. తనకే నవ్వొచ్చింది. చిన్న తీగను పట్టుకుని లాగింది. స్విచ్చి మీద ఒక లైటు ఆరిపోయింది. ఊపిరి బిగబట్టి, కేక కోసం ఎదురుచూసింది.

కేక వచ్చింది. కానీ ఆవిడ అనుకున్న కేక కాదు.

"చూశారా! ఇప్పుడు! ఇప్పుడు చూడండి ఆ గాలి! ఆయన చుట్టూ ఉన్న గాలి కూడా వినిపిస్తోంది!"

"స్విచ్చి వేడెక్కింది అంకుల్," అన్నాడు క్రాంతి. "కాస్త టైమ్ తీసుకుంటుంది."

పాట ఆగలేదు. తీగ ఆవిడ చేతిలో ఉంది, ఆలాపన హాల్లో ఉంది. ఇదేం మాయో ఆవిడకు అర్థం కాలేదు. అర్థం చేసుకుంటూ కూర్చోవడానికి సమయమూ లేదు. తీగను లాప్‌టాప్‌లో గుచ్చింది. తెర మీద కాలేజీ పిల్లలా ఉన్న ఒకమ్మాయి కనిపించి నమస్కారం పెట్టింది.

"నా పేరు హరిచందన అమ్మా, నేనే అడుగుతాను. ఎంత స్పష్టంగా ఉన్నారో! పొద్దుట్నుంచి అందరివీ ఆగి ఆగి వస్తున్నాయి. ఇక కళ్లకు కట్టుకోండి."

కమలకుమారి తువ్వాలు కట్టుకుంది. చీకట్లో మామిడికాయ నూనె వాసన, ఇంగువ వాసన. మొదటి శ్లోకం అడిగారు, చెప్పింది. రెండోది ఎక్కడో మధ్య అధ్యాయంలోది, చెప్పింది. నంబరు చెప్పగానే ఆ శ్లోకం నేర్చుకున్న నాడు తరిగిన కూర కూడా గుర్తొస్తోంది. ఇది దొండకాయల నాటిది. ఇది చిక్కుళ్ల నాటిది. హాల్లో ఆలాపన అయిపోయి వయొలిన్ వచ్చింది, వయొలిన్ అయిపోయి తెల్లావిడ గుసగుసలు మొదలయ్యాయి. ఒక్కో పాటకూ "అబ్బా!" అంటూనే ఉన్నారు.

"ఇంతకీ స్విచ్చి ఎక్కడ పెట్టారండీ?" అని గడ్డం ఆయన అడగడం వినిపించింది.

"రండి, చూపిస్తాను. కింద ఏం రాయి పెట్టానో చూస్తే ఆశ్చర్యపోతారు."

తలుపు కిర్రుమంది. సెంటు వాసన జాడీల మీదుగా వచ్చి ముక్కును తాకింది. కమలకుమారి శ్లోకం మధ్యలో ఉంది. ఆపలేదు. చివరి పాదం దాకా చెప్పి ఊరుకుంది.

"క... కమలా," అన్నాడు వీరరాఘవరావు. "తీగ..."

"అంకుల్," క్రాంతి గుసగుసలాడాడు, "వైరు ఇక్కడుంటే అక్కడ పాడుతున్నది ఎలా?"

హాల్లో తెల్లావిడ తన మానాన తను పాడుకుంటోంది.

"ఎలాగేమిటి? నువ్వు చెప్పు!"

"అంటే... ఒకసారి పాడిన పాటను ఆ డబ్బా తన దగ్గరే దాచుకుంటుంది అంకుల్. మనం ఎప్పుడూ అవే పెడతాం కదా... అంటే ఇవాళ ఒక్కరోజే కాదు..." క్రాంతి అక్కడితో ఆపేశాడు. ఆ వాక్యం పూర్తయితే మునక్కాయ తీగ, ఇనప పెట్టె, బిరడాలు, అన్నీ దాని కింద పడి నలిగిపోతాయని అతనికి తెలిసింది.

"అమ్మా, అక్కడెవరో ఉన్నట్టున్నారు?" అంది హరిచందన.

"మా వారమ్మా. ఇక మాట్లాడరు."

తెర మీద పరాయి ఆడపిల్ల చూస్తోంది, పక్కన క్రాంతి ఉన్నాడు. తీగ పీకడానికి వీరరాఘవరావుకు చెయ్యి రాలేదు.

"సరే అమ్మా. ఆఖరిది." అధ్యాయమూ నంబరూ చెప్పింది హరిచందన.

ఇది వంకాయల నాటిది. మొదటి పాదం చెప్పింది. రెండోది చెప్పింది. మూడోది అందుకోబోయి చూస్తే అక్కడ ఏమీ లేదు. వెనక నిలబడ్డ మనిషి ఊపిరి వినిపిస్తోంది. మూడో పాదానికి బదులు పాలు పొంగిన గిన్నె గుర్తొచ్చింది. మళ్లీ మొదటి పాదం మనసులో అనుకుంది, రెండోది అనుకుంది. మళ్లీ గోడ.

"అమ్మా? మీ గొంతు ఆగిపోయింది," అంది హరిచందన. "లైను కట్టయిందా? కట్టయితే తప్పు కింద రాయం. కాసేపాగి మళ్లీ మొదటి నుంచి చెప్పొచ్చు."

"లైనేనమ్మా!" వీరరాఘవరావు గొంతు ఒక్కసారిగా లేచింది. పొద్దుట్నుంచి ఆయనకు తెలిసిన సంగతి ఇప్పటికి ఒకటి దొరికింది. "లైను ప్రాబ్లమే! ఆ చిన్న తీగ మామూలుది, దానికి షీల్డింగు లేదు. నేను చెబుతున్నాను కదా, లైనే!"

అవునంటే సరిపోతుంది. అనడానికి ఆవిడ నోరు తెరిచింది కూడా. కళ్లకు గుడ్డ ఉండటం వల్ల ఆయన మొహం కనిపించలేదు గానీ, ఎలా ఉంటుందో ఆవిడకు తెలుసు. తెర తొలగిపోయింది కమలా, అనేటప్పటి మొహం.

"లేదమ్మా," అంది కమలకుమారి. "లైను బాగానే ఉంది. నేనే మరిచిపోయాను."

లాప్‌టాప్‌లోంచి కాగితం తిప్పిన చప్పుడు వచ్చింది.

"ఒక తప్పు రాసుకుంటున్నానమ్మా," అంది హరిచందన మెల్లగా.

"రాసుకోండి."

తువ్వాలు విప్పేసరికి గదిలో ఎవరూ లేరు. హాల్లో ముగ్గురు అతిథులూ నిలబడే మాట్లాడుతున్నారు, బయల్దేరే తొందరలో.

"నిజం చెప్పాలంటే అంకుల్, ఆ వయొలిన్ దగ్గర నాకు కొంచెం ఏదో తక్కువనిపించింది," అంటున్నాడు క్రాంతి.

"నాకూ అనిపించింది. బాగోదని అనలేదు," అన్నాడు గడ్డం ఆయన. రెండో ఆయన తల ఊపాడు.

"అనిపించదూ మరి! లైను లేదుగా!" వీరరాఘవరావు గొంతులో ప్రాణం తిరిగి వచ్చింది. "నేను మొదటి స్వరంలోనే కనిపెట్టాను. మీరు ఏమంటారో చూద్దామని ఊరుకున్నాను."

కమలకుమారి ఖాళీ కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది. అంతకుముందు చిన్న తీగను తిరిగి స్విచ్చిలో గుచ్చింది. ఎటువైపు గుచ్చాలో, బాణం ఉందో లేదో చూడలేదు.

ఫలితం వచ్చింది. రెండో శ్రేణి. ఆ వార్త కన్నా ముందు వీధిలోకి ఇంకో వార్త పోయింది. ఎదురింటివాళ్లకు, కిరాణా కొట్టు దగ్గర, ఫోనులో చుట్టాలకు, వీరరాఘవరావు ఒకటే మాట చెబుతున్నాడు. "మా ఆవిడకు మొదటి శ్రేణి రావాల్సింది. ఆ ఒక్క శ్లోకం లైను మింగేసింది. నాకు ముందే చెప్పి ఉంటే మంచి తీగ వేసి ఉండేవాణ్ణి." నలభై ఏళ్లుగా జ్ఞాపకం తక్కువ అనిపించుకున్న మనిషికి రాత్రికి రాత్రే జ్ఞాపకశక్తి వచ్చేసింది, ఒక మామూలు తీగ పుణ్యమా అని.

"మంచిదే కదమ్మా," అంది సత్తెమ్మ. "తప్పు వైరు మీదికి పాయె. నీకేం పోయింది?"

"అది నా తప్పు సత్తెమ్మా. తీగకు ఎందుకివ్వాలి?"

సత్తెమ్మ ఆవిడకేసి చూసి, చీపురు తట్టి, మళ్లీ ఊడవసాగింది.

తర్వాతి శుక్రవారం క్రాంతి ఇంకో వస్తువు కాగితం పట్టుకుని వచ్చాడు, డబ్బాలో దాచుకున్న పాటలకు కూడా తేడా తెచ్చేదట. వీరరాఘవరావు అప్పటికే కళ్లజోడు పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. కమలకుమారి కాఫీ ఇవ్వడానికి వచ్చింది.

"కంగ్రాట్స్ ఆంటీ. ఆ రోజు లైను గనక బాగుండి ఉంటే..."

"లైను బాగానే ఉంది బాబూ. నేను మరిచిపోయాను."

"నీకు తెలీదు కమలా, నువ్వు ఊరుకో" అన్నాడు వీరరాఘవరావు.

"మరిచిపోయింది మూడో పాదం" అని, ఆవిడ ట్రే బల్ల మీద పెట్టి, అక్కడే నిలబడి, ఆ శ్లోకం మొదలుపెట్టింది. గొంతు పెద్దది చేసి, ఒక్కో పాదం విడివిడిగా. క్రాంతి కాఫీ తాగాలో, చేతులు జోడించాలో తెలియక, గ్లాసు పట్టుకుని లేచి నిలబడ్డాడు. మూడో పాదం దగ్గర ఆవిడ ఆగలేదు. నాలుగో పాదం అయ్యాక దాని పక్క శ్లోకం అందుకుంది. ఆ పైది కూడా. వీరరాఘవరావు రిమోటు చేతిలో పట్టుకుని, అధ్యాయం ఎప్పుడైపోతుందా అని చూస్తూ కూర్చున్నాడు.